కొరియా నోట్లు చూపిన దారి: సియోల్, గాంగ్నుంగ్, ఆండాంగ్

దక్షిణ కొరియాలో ఇప్పుడు చలామణిలో ఉన్న కాగితపు నోట్లు నాలుగే. వెయ్యి వాన్ నోటు మీద త్వేగే అనే పేరుతో ప్రసిద్ధుడైన పండితుడు ఈ హ్వాంగ్, ఐదువేల నోటు మీద యుల్గోక్‌గా పేరొందిన మరో పండితుడు ఈ ఈ, పదివేల నోటు మీద సేజోంగ్ రాజు, యాభైవేల నోటు మీద చిత్రకారిణి షిన్ సాయిమ్‌దాంగ్ కనిపిస్తారు. సాయిమ్‌దాంగ్, యుల్గోక్ తల్లీకొడుకులు. సేజోంగ్ 1397లో పుట్టాడు, యుల్గోక్ 1584లో మరణించాడు. అంటే ఒక దేశపు నోట్ల మీది ముఖాలన్నీ రెండు శతాబ్దాలకు లోపే, జోసన్ అనే ఒకే రాజవంశపు పాలనలో, ఇమిడిపోయాయి. పురుషులు ముగ్గురి ఇంటిపేరూ ‘ఈ’ అయినా వారివి మూడు వేరువేరు వంశాలు. వంద వాన్ నాణెం మీద ఉన్న నౌకాసేనాని ఈ సున్-సిన్ మాత్రం యుల్గోక్ పుట్టిన వంశానికే చెందినవాడు.

మన రూపాయి నోటు మీది గాంధీ ముఖం 1946లో తీసిన ఒక ఫోటో నుంచి వచ్చింది. కొరియా నోట్ల మీది నలుగురిలో ఎవరికీ వారి కాలంలో గీసిన చిత్రం మిగలలేదు. మనం చూసేవి ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారులు వంశీకుల పోలికలను, పాత వర్ణనలను ఆధారం చేసుకుని ఊహించి గీసిన ముఖాలు. అందువల్ల ముఖాల కన్నా, వాటి పక్కన, వెనుక అచ్చయిన కట్టడాలు, చిత్రాలు, యంత్రాల మీదే నాకు గురి కుదిరింది. అవి ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడవచ్చు. ఏప్రిల్ మొదటి వారంలో సియోల్‌లో దిగి ఆ నోట్లు చూపించిన దారినే ప్రయాణించాను.

మొదటి రోజు: సియోల్, బ్యాంకు మ్యూజియం

నామ్దేమున్ సంతకు కూతవేటు దూరంలో, బ్యాంక్ ఆఫ్ కొరియా పాత భవనంలో ద్రవ్య మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం, సోమవారాలు సెలవు. టోక్యో రైల్వే స్టేషన్‌ను రూపొందించిన తత్సునో కింగో గీసిన నమూనా ప్రకారం 1912లో పూర్తయిన రాతి కట్టడమిది. జపాన్‌కు చెందిన దాయ్-ఇచి బ్యాంకు కోసం పని మొదలై, చివరికి వలస ప్రభుత్వపు కేంద్ర బ్యాంకుకు కార్యాలయమైంది. భవనం మూలరాయి మీద ఉన్న అక్షరాలు ఇతో హిరోబుమి చేతిరాత అని నిపుణులు తేల్చారు. కొరియాను జపాన్ రక్షిత రాజ్యంగా మార్చినప్పుడు అక్కడ అధికారం చెలాయించిన ఇతోను 1909లో హార్బిన్ స్టేషన్‌లో కొరియా స్వాతంత్ర్య యోధుడు అన్ జుంగ్-గున్ కాల్చి చంపాడు. నోట్ల చరిత్ర చూడటానికి వచ్చినవారు లోపలికి అడుగు పెట్టకముందే ఆ చరిత్రలోని ముల్లు తగులుతుంది.

లోపల మొదటి సంగతి కూడా అలాంటిదే. 1902లో దాయ్-ఇచి బ్యాంకు కొరియాలో విడుదల చేసిన నోట్ల మీద ఉన్నది ఆ బ్యాంకు అధిపతి షిబుసావా ఎయిచి బొమ్మ. అదే షిబుసావా 2024లో జపాన్ కొత్త పదివేల యెన్ నోటు మీదికి ఎక్కినప్పుడు కొరియా పత్రికలు ఎందుకు నొచ్చుకున్నాయో ఈ గదిలో నిలబడితే అర్థమవుతుంది.

స్వతంత్ర కొరియా నోట్ల కథ యుద్ధంతో మొదలవుతుంది. 1950 జూన్ 12న బ్యాంక్ ఆఫ్ కొరియా ఏర్పడింది. పదమూడు రోజులకు ఉత్తర కొరియా సేనలు సరిహద్దు దాటాయి. ముద్రణ సామగ్రి సియోల్‌లో చిక్కుకుపోగా, తొలి నోట్లను జపాన్‌లో అచ్చు వేయించి విమానంలో తెప్పించి జూలైలో విడుదల చేశారు. వెయ్యి వాన్ నోటు మీద అధ్యక్షుడు సింగ్‌మన్ రీ బొమ్మ ఉండేది. పదవిలో ఉన్న మనిషిని నోటు మీద వేయడంలోని చిక్కులకు 1956 నాటి ఐదువందల హ్వాన్ (అప్పట్లో వాన్ స్థానంలో నడిచిన ద్రవ్యం) నోటు మంచి ఉదాహరణ: అందులో అధ్యక్షుడి ముఖం సరిగ్గా నడిమధ్యన పడింది, నోటును మడిస్తే ముఖం మీదే మడత పడుతుంది. ఆయన ముఖం నలగడం అపచారమని గొడవ రావడంతో రెండేళ్ళ తర్వాత బొమ్మను కుడిపక్కకు జరిపారని చెబుతారు. 1960 ఏప్రిల్‌లో ప్రజల తిరుగుబాటుతో రీ గద్దె దిగాడు. ఆగస్టు కల్లా వెయ్యి హ్వాన్ నోటు మీదికి సేజోంగ్ వచ్చాడు. బతికి ఉన్న అధ్యక్షుడి స్థానంలో ఐదు వందల ఏళ్ళ కిందటి రాజు రావడమే కొరియా నోట్లలో అసలు మలుపు అని నాకు అనిపించింది. ఆ తర్వాత వచ్చినవారిలో ఒక్కరి గురించీ ఎన్నికల సభల్లో వాదించుకోవలసిన పని లేదు.

మహాపురుషులెవరూ లేని ఒక నోటు కూడా ఉంది. 1962 మే 16న వచ్చిన వంద హ్వాన్ నోటు మీద పొదుపు ఖాతా పుస్తకం పట్టుకున్న ఒక తల్లి, ఆమె పక్కన చిన్న పిల్లవాడు ఉంటారు. ముద్రణాలయంలో పనిచేసే ఒక ఉద్యోగిని, ఆమె కొడుకు దీనికి నమూనాలు. జూన్ 10న ప్రభుత్వం పది హ్వాన్‌లను ఒక వాన్‌గా మార్చడంతో ఆ నోటు నెల కూడా నిండకుండానే రద్దయింది. తర్వాత తల్లీకొడుకులు కలిసి నోట్ల మీదికి రావడానికి 2009 దాకా పట్టింది. అదీ ఒకే నోటు మీద కాదు.

1970ల నోట్ల దగ్గర ఎక్కువసేపు ఆగాను. పదివేల నోటుకు మొదట ఎంచుకున్నది గ్యోంగ్జు దగ్గరి సొక్కురామ్ గుహలోని బుద్ధ విగ్రహం, వెనుక బుల్గుక్సా ఆలయం. నమూనా మీద అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ సంతకం కూడా అయిపోయాక, ఒక మతపు చిహ్నాన్ని దేశపు నోటు మీద ఎలా వేస్తారని క్రైస్తవ సంఘాలు అభ్యంతరం చెప్పడంతో ఆ ప్రయత్నం ఆగిపోయి, 1973లో సేజోంగ్ బొమ్మతోనే నోటు వచ్చింది. 1972 నాటి ఐదువేల నోటుది ఇంకో రకం కథ. దాని అచ్చు పలకలు ఇంగ్లండులోని థామస్ డి లా రూ సంస్థలో తయారయ్యాయి; ఫలితంగా యుల్గోక్‌కు సూదిముక్కు, లోతైన కళ్ళు వచ్చి, కొరియా దుస్తులు తొడుక్కున్న ఆంగ్లేయుడిలా తయారయ్యాడు. జనం నవ్వుకున్నారు, 1977లో ముఖం మార్చారు. ఈలోగా చారిత్రక పురుషులకు ఒక అధికారిక ముఖం ఉండాలన్న ఉద్దేశంతో ప్రభుత్వం 1973లో ప్రామాణిక చిత్రపటాల పద్ధతి తెచ్చింది. సేజోంగ్‌ను కిమ్ కీ-చాంగ్ గీశాడు, త్వేగేను ఈ యూ-తే గీశాడు, నోట్ల మీది తల్లీకొడుకులిద్దరినీ ఈ జోంగ్-సాంగ్ గీశాడు. కిమ్ కీ-చాంగ్ వలసపాలన చివరి ఏళ్ళలో జపాన్ యుద్ధ ప్రచారానికి బొమ్మలు వేశాడన్న ఆరోపణ ఇప్పటికీ సాగుతోంది. దేశపు లిపిని ఇచ్చిన రాజుకు ముఖం ఇచ్చిన చేతి మీద అలాంటి మరక ఉండటం కొరియన్లు తరచూ ప్రస్తావించే విషయమే.

రెండో రోజు: సియోల్‌లో సేజోంగ్ జాడలు

గ్వాంగ్‌హ్వామున్ కూడలిలో ముందు ఈ సున్-సిన్ నిలువెత్తు విగ్రహం, దాని వెనుక సింహాసనం మీద కూర్చున్న సేజోంగ్ విగ్రహం ఉన్నాయి. మొదటిది 1968 నాటిది, రెండోది 2009 అక్టోబరు 9న, కొరియా లిపి అయిన హంగుల్ దినోత్సవం నాడు, ఆవిష్కరించినది. వాటిని దాటి నేరుగా గ్యోంగ్బోక్‌గుంగ్ రాజప్రాసాదానికి వెళ్ళాను. గున్జోంగ్‌జోన్ సభాభవనపు గడప దగ్గర నిలబడి లోపలికి చూస్తే, సింహాసనం వెనుక సూర్యచంద్రులు, ఐదు శిఖరాలు, జలపాతాలు, పైన్ చెట్లు ఉన్న తెర కనిపిస్తుంది. జోసన్ రాజు ఎక్కడ కూర్చున్నా వెనుక ఆ తెర ఉండేది. పదివేల నోటు మీద సేజోంగ్ పక్కన ఉన్న బొమ్మ అదే. దాని మీదుగా ముద్రించిన పాత హంగుల్ పంక్తులు ‘యోంగ్బియోచోన్‌గా’ అనే కావ్యంలోనివి. ఆ లిపిలో రచించిన మొట్టమొదటి కావ్యం అది. లోతుగా వేళ్ళూనిన చెట్టు గాలికి కదలదని, లోతైన ఊట నీరు కరువులోనూ ఎండదని ఆ చరణం సారాంశం.

సేజోంగ్ 1443లో 28 అక్షరాల లిపిని రూపొందించి 1446లో ప్రకటించాడు. అంతకు ముందు కొరియన్ భాషను రాయాలంటే చైనా అక్షరాలే గతి; అవి నేర్చే తీరిక పండిత కుటుంబాలకే ఉండేది. కొత్త లిపి వద్దని 1444లో అర్జీ పెట్టిన చోయ్ మన్-రి రాజు స్వయంగా పోషించిన పండిత సభలో పెద్ద. ఆ సభ ఉండిన స్థలంలో ఇప్పుడు సుజోంగ్‌జోన్ అనే మందిరం ఉంది. 1592లో జపాన్ దండయాత్ర సమయంలో ప్రాసాదమంతా కాలిపోయి, రెండున్నర శతాబ్దాలకు పైగా పాడుపడి, 1860లలో తిరిగి కట్టినది కనుక ఇక్కడ సేజోంగ్ చూసిన గోడ ఒక్కటీ లేదు. ఆ మాట బోర్డుల మీద నిజాయితీగానే రాశారు.

ప్రాసాదపు ఆవరణ అంచున ఉన్న జాతీయ ప్రాసాద మ్యూజియంలో పదివేల నోటు వెనుక వైపు మొదలవుతుంది. 1395లో చెక్కిన నక్షత్ర పటపు రాతి పలక అక్కడ ఉంది; అందులో 1,467 నక్షత్రాలు. రాయి పైభాగం చాలా అరిగింది, దగ్గరగా వంగితేనే చుక్కలు తెలుస్తాయి. నోటు మీద ఈ పటం నేపథ్యంగా ఉంటుంది, దాని ముందు ఒక గోళయంత్రం (ఆకాశంలోని చలనాలను వలయాలతో చూపే సాధనం), పక్కన బోహ్యోన్‌సాన్ కొండ మీది 1.8 మీటర్ల దూరదర్శిని. ఇక్కడ నాకొక పేచీ ఉంది. పటం సేజోంగ్ పుట్టకముందుది. గోళయంత్రం 1669లో సోంగ్ ఈ-యోంగ్ తయారుచేసిన ఖగోళ గడియారంలోని ఒక భాగం. అంటే రాజు పోయిన రెండు శతాబ్దాల తర్వాతది. దూరదర్శిని 1996 నాటిది. సేజోంగ్ కాలంలో వర్షమాపకం, నీటి గడియారం, సూర్య గడియారాలు తయారయ్యాయి. 1441 నాటి వర్షమాపకం ఆలోచన ఒక్కటే నోటు వెనుక వైపును నింపడానికి చాలు. వాటిని వదిలి ఇతరుల పనిని ఆయన ఖాతాలో వేయడం ఎందుకో బోధపడదు. గడియారం మొత్తాన్ని చూపకుండా గోళాన్ని మాత్రమే కత్తిరించి వేసినందుకు 2007లో నోటు వచ్చినప్పుడు కొరియాలోనూ విమర్శ వచ్చింది.

సాయంత్రం సంగ్‌గ్యున్‌గ్వాన్‌కు వెళ్ళాను. 1398లో స్థాపించిన రాజ్యపు అత్యున్నత విద్యాలయమిది. దీని ఉపన్యాస మందిరం మ్యోంగ్న్యున్‌దాంగ్ వెయ్యి నోటు మీద త్వేగే పక్కన, ప్లమ్ పూల కొమ్మతో సహా, కనిపిస్తుంది. ఇప్పుడున్న మందిరం 1606లో తిరిగి కట్టినది, అప్పటికి త్వేగే పోయి 36 ఏళ్ళు. ముంగిట్లోని రెండు జింకో చెట్లు మాత్రం ఐదు వందల ఏళ్ళ నాటివని చెబుతారు. 1552లో ఆయన ఈ విద్యాలయానికి అధిపతిగా ఉన్నప్పుడు అవి లేత చెట్లయి ఉండాలి. నేను వెళ్ళేనాటికి వాటికి ఇంకా ఆకు పూర్తిగా విచ్చుకోలేదు.

మూడో రోజు: యోజు

పాంగ్యో నుంచి బయలుదేరే గ్యోంగ్‌గాంగ్ మార్గంలో సేజోంగ్ సమాధి పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అక్కడి నుంచి బస్సులో వెళ్ళాలి. 1450లో మరణించిన రాజును మొదట సియోల్ దక్షిణాన ఖననం చేసి 1469లో ఇక్కడికి మార్చారు. రాణి సోహోన్‌తో కలిపి ఒకే మట్టిదిబ్బ కింద రెండు గదులలో ఉంచిన సమాధి ఇది. ప్రవేశ ద్వారం దగ్గరి ఆరుబయట వర్షమాపకం, సూర్య గడియారం, గోళయంత్రాల నమూనాలను వరుసగా నిలబెట్టారు. నోటు వెనుక ఉండవలసినవి ఇక్కడ ఎండలో ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా సియోల్‌కు తిరిగి వచ్చాను.

నాలుగో రోజు: గాంగ్నుంగ్

2018 శీతాకాల ఒలింపిక్స్ కోసం వేసిన వేగవంతమైన రైలు మార్గంలో సియోల్ నుంచి తూర్పు తీరపు గాంగ్నుంగ్‌కు దాదాపు రెండు గంటలు. చివర్లో రైలు డేగ్వల్యోంగ్ కనుమ కింద 21 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగంలో దూరుతుంది. ఆ కనుమ ఎక్కుతూ వెనుదిరిగి, వృద్ధురాలైన తల్లిని విడిచి ఒంటరిగా సియోల్‌కు పోతున్నానని షిన్ సాయిమ్‌దాంగ్ రాసిన పద్యం కొరియా పిల్లలందరికీ తెలుసు. తెల్లని మబ్బుల కింద, చీకటి పడే కొండల్లో కనిపించకుండా పోతున్న పుట్టిల్లు ఆ పద్యంలో ఉంటుంది. సొరంగంలో మనకు ఏమీ కనిపించదు.

ఆ పుట్టిల్లే ఓజుఖన్. ఐదువేల నోటు ముందు వైపున యుల్గోక్ పక్కన ఉన్న చిన్న ఇల్లు, నల్లవెదురు పొద ఇక్కడివే. నల్లవెదురు నిజంగానే నల్లగా ఉంటుంది, ఇంటి చుట్టూ దట్టంగా పెంచారు. నోటు మీది దృశ్యం ఎక్కడ నిలబడితే దొరుకుతుందో గుర్తు పెట్టిన చోటు ఒకటి ఆవరణలో ఉంది. అక్కడ పర్యాటకులు ఐదువేల నోటును చేత్తో పైకెత్తి ఫోటోలు తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను. ఇంట్లో కుడిపక్క గది గుమ్మం మీద ‘స్వప్న డ్రాగన్ గది’ అని అర్థమిచ్చే పలక ఉంది. సముద్రం నుంచి నల్లని డ్రాగన్ ఎగిరి వచ్చినట్టు కల వచ్చాక సాయిమ్‌దాంగ్ 1536లో ఇక్కడ యుల్గోక్‌ను కన్నదని కథ. ఇంటి పక్కనే ఉన్న ప్లమ్ చెట్టు ఈ ఇల్లు కట్టిన నాటిదని అంటారు, అంటే ఆరు వందల ఏళ్ళ పైమాటే. తల్లీకొడుకులు ఇద్దరూ ముట్టుకున్నది ఏదైనా మిగిలి ఉంటే అది ఈ చెట్టేనని నాకనిపించింది.

ఈ ఇంటి కథలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆస్తి సంగతి. సాయిమ్‌దాంగ్ 1504లో ఇక్కడే పుట్టింది, ఐదుగురు ఆడపిల్లలలో ఒకతె, అన్నదమ్ములు లేరు. ఆ కాలపు కొరియాలో పెళ్ళయిన కూతురు పుట్టింట్లోనే ఏళ్ళ తరబడి ఉండటం, భర్తే అక్కడికి రావడం మామూలు. ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఉండేది. సాయిమ్‌దాంగ్ 1522లో ఈ వోన్-సూను పెళ్ళాడిన తర్వాత కూడా చాలాకాలం ఇక్కడా అక్కడా ఉంటూ వచ్చింది. ఆమె తల్లి తన ఆస్తిని పంచినప్పుడు, పితృకార్యాలు చేసే బాధ్యతతో పాటు సియోల్‌లోని ఇంటిని యుల్గోక్‌కు, సమాధుల సంరక్షణతో పాటు ఈ ఇంటిని మరో కూతురి కొడుకు క్వోన్ చో-గ్యున్‌కు ఇచ్చింది. ఇంటికి ఓజుఖన్ అన్న పేరు ఆ క్వోన్ పెట్టుకున్న కలం పేరు నుంచి వచ్చినదే. తర్వాతి శతాబ్దాలలో కన్ఫ్యూషియస్ ధర్మం బిగుసుకుపోయి ఆడపిల్లల వాటా పోయింది. ఆదర్శ ఇల్లాలికి నమూనాగా పాఠ్యపుస్తకాలు చూపించే స్త్రీ నిజానికి తల్లుల నుంచి కూతుళ్ళకు ఆస్తి వెళ్ళే లోకంలో, పుట్టింటి అండతో, చిత్రకారిణి అయిందన్నది ఇక్కడికి వచ్చాక మరచిపోవడం కష్టం.

ఆవరణలోని మ్యూజియంలో పువ్వులు, పురుగుల చిత్రాల మడతతెర ఉంది. ఐదువేల నోటు వెనుక ఉన్న పుచ్చకాయలు, కోడిజుట్టు పువ్వు ఈ కోవలోవే. అవి సాయిమ్‌దాంగ్ గీసినవని సంప్రదాయం చెబుతుంది. సంతకాలు లేనందున కళా చరిత్రకారులు ‘ఆమెవిగా చెప్పేవి’ అనే అంటారు. ఆమె కాలానికే చెందిన ఓ సుక్-క్వోన్ ఆమె ద్రాక్ష చిత్రాలను, ప్రకృతి దృశ్యాలను మెచ్చుకుంటూ, మహా చిత్రకారుడు అన్ గ్యోన్ తర్వాతి స్థానం ఆమెదని రాశాడు. నూరేళ్ళు గడిచాక యుల్గోక్ సంప్రదాయానికి చెందిన సోంగ్ సీ-యోల్ ఆమెను గొప్ప పండితుడిని కన్న తల్లిగా కొనియాడాడు, ఆ తర్వాత చిత్రకారిణి కన్నా తల్లి పేరే పెద్దదైంది. 2007లో యాభైవేల నోటుకు ఆమెను ఎంపిక చేసినప్పుడు కొన్ని మహిళా సంఘాలు వ్యతిరేకించింది ఈ కారణంగానే. దేశం తన నోటు మీద వేసుకునే స్త్రీ ఒక కొడుకు తల్లిగా ఎందుకు రావాలని వారు అడిగారు. స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చిన యూ గ్వాన్-సున్ పేరు చెప్పినవారూ ఉన్నారు. వారి ప్రశ్న సబబే. అయితే 2009 జూన్ 23న వచ్చిన ఆ నోటును తీరిగ్గా చూస్తే, ముందు వైపు ఆమె ముఖం పక్కన ఉన్నవి ద్రాక్ష గుత్తులు, పువ్వుల కుట్టుపని. కొడుకు జాడ ఎక్కడా లేదు. వెనుక వైపు నిలువుగా చూడవలసిన రెండు బొమ్మలున్నాయి: ఓ మోంగ్-ర్యోంగ్ గీసిన వెన్నెల ప్లమ్ కొమ్మ, ఈ జోంగ్ గీసిన గాలికి వంగిన వెదురు. ఈ జోంగ్ సేజోంగ్ వంశంలో నాలుగు తరాల తర్వాతివాడు, 1592 యుద్ధంలో చేతికి కత్తి గాయమై కూడా మళ్ళీ కుంచె పట్టినవాడు.

యుల్గోక్ గురించి చెప్పేవారంతా మొదట చెప్పేది ఆయన తొమ్మిది ప్రభుత్వోద్యోగ పరీక్షల్లో మొదటి స్థానం సాధించాడని. నాకు మాత్రం తల్లి పోయాక, కొంతకాలం అన్నీ వదిలేసి గుంగాంగ్ కొండల్లోని బౌద్ధ విహారాలకు వెళ్ళిపోయిన కుర్రవాడు ఎక్కువ నచ్చుతాడు. కన్ఫ్యూషియన్ పండితుడికి అది పెద్ద మచ్చ. ప్రత్యర్థులు చివరిదాకా ఎత్తిపొడిచారు. భోజనానికి చోదాంగ్ వాడలో సముద్రపు నీటితో విరగ్గొట్టిన మెత్తని టోఫు తిన్నాను. గాంగ్నుంగ్ వెళ్ళినవారు అది తినకుండా రావద్దు.

ఐదో రోజు: ఆండాంగ్ దారిలో

గాంగ్నుంగ్ నుంచి రైలులో సియోల్‌లోని చోంగ్న్యాంగ్ని స్టేషన్‌కు తిరిగి వచ్చి, అక్కడ మారి ఆండాంగ్‌కు దిగాను. 1558 వసంతంలో యుల్గోక్ ఈ రెండు ఊళ్ళ మధ్య కొండదారిన, నాకు ఎదురు దిశలో, ప్రయాణించాడు. సోంగ్జులో అధికారిగా ఉన్న మామగారి ఇంటి నుంచి గాంగ్నుంగ్‌లోని అమ్మమ్మ దగ్గరికి పోతూ, దారిలో ఆండాంగ్ దగ్గరి పల్లెలో ఉన్న త్వేగేను చూడటానికి ఆగి రెండు రాత్రులు ఉన్నాడు. ఇద్దరికీ వయసులో 35 ఏళ్ళ తేడా. తర్వాతి తరాలలో ఈ ఇద్దరి శిష్య పరంపరలు కొరియా రాజకీయాలనే రెండుగా చీల్చాయి. వెయ్యి నోటు, ఐదువేల నోటు కలిసి కూర్చున్నది మాత్రం ఆ రెండు రాత్రులే. కుర్రవాడు వెళ్ళిపోయాక త్వేగే తన శిష్యుడికి ఉత్తరం రాస్తూ, వెనుక వచ్చేవారిని చూసి భయపడాలన్న పాతమాట నిజమేనన్నాడు. ఆ మాట కన్ఫ్యూషియస్‌ది.

ఆండాంగ్‌లో రాత్రి భోజనం ఉప్పు చేప. సముద్రానికి దూరమైన ఈ ఊరికి చేరేలోగా పాడవకుండా దారిలో ఉప్పు పట్టించిన చేపే ఇక్కడి ప్రత్యేకత అయింది.

ఆరో రోజు: దోసాన్ సోవోన్

నగరం నుంచి బస్సు కొండల మధ్యగా నాక్‌దోంగ్ నది వెంట వెళుతుంది. దోసాన్ సోవోన్ అన్న విద్యాపీఠం నది వైపు తిరిగిన వాలు మీద ఉంది. కింది వరుసలోని చిన్న కట్టడం, దోసాన్ సోదాంగ్, త్వేగే స్వయంగా దగ్గరుండి కట్టించుకున్నది, 1561లో పూర్తయింది. ఒక చిన్న గది, ఒక చెక్క అరుగు, ఒక వంటగది; ఇంతే. శిష్యుల కోసం పక్కన ఒక వసతి. పైన కనిపించే పెద్ద మందిరాలన్నీ ఆయన 1570లో పోయిన తర్వాత 1574లో శిష్యులు మొదలుపెట్టినవి; మరుసటి ఏడాది రాజు పంపిన నామఫలకం నాటి మహా లేఖకుడు హాన్ సోక్-బోంగ్ రాసినది. 2019లో మరో ఎనిమిది విద్యాపీఠాలతో కలిపి దీనిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కింద చిన్న గదినీ పైన మందిరాలనూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే, గురువు అడిగినది ఎంత, శిష్యులు కట్టినది ఎంత అన్నది అర్థమవుతుంది.

త్వేగే జీవితమంతా రాజు కొలువుకూ ఈ చిన్న గదికీ మధ్య లాగులాటే. రాజు పిలవడం, ఆయన అనారోగ్యం పేరు చెప్పి రాజీనామా చేసి ఊరికి రావడం, మళ్ళీ పిలుపు. ఊళ్ళో ఉన్నప్పుడు చేసిన పనులలో గొప్పది ఉత్తర ప్రత్యుత్తరం. మనిషిలోని సద్గుణాలు, ఉద్వేగాలు ఒకే మూలం నుంచి వస్తాయా, వేరువేరు మూలాల నుంచా అన్న విషయం మీద గీ దే-సుంగ్ అనే యువకుడు ఆయన రాసిన వాక్యాన్నే తప్పుపట్టాడు. తనకన్నా 26 ఏళ్ళు చిన్నవాడు, అప్పుడే పరీక్ష నెగ్గినవాడు. విద్యాలయాధిపతిగా పనిచేసిన త్వేగే అతన్ని కసిరి కొట్టలేదు. 1559 నుంచి ఏళ్ళ తరబడి ఉత్తరాలలో వాదించి, తన వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు సవరించుకున్నాడు. కొరియా తత్వశాస్త్రంలో ఇంతకన్నా ప్రసిద్ధమైన చర్చ లేదు. 1568లో పదహారేళ్ళ ప్రాయపు సోంజో రాజుకు సమర్పించిన పది రేఖాచిత్రాల గ్రంథంలో త్వేగే ఆలోచనంతా పది బొమ్మలలో ఉంది.

నేను వెళ్ళేసరికి ప్లమ్ చెట్లు పూసి ఉన్నాయి. త్వేగే ప్లమ్ పూల మీద వందకు పైగా పద్యాలు రాశాడు. మరణించే ఉదయం కుండీలోని ప్లమ్ మొక్కకు నీళ్ళు పోయమన్నాడని చెబుతారు. వెయ్యి నోటు ముందు వైపున ఆ పూల కొమ్మ ఎందుకుందో తెలిసిన కొరియన్ చాలా మామూలుగా చెప్పే కథ ఇది. నోటు వెనుక ఉన్నది జోంగ్ సోన్ 1746లో గీసిన దృశ్యం: కొండలు, నది, చెట్లు, వాటి మధ్య ఎక్కడో చిన్న ఇంట్లో పుస్తకం ముందు కూర్చున్న మనిషి. భూతద్దం పట్టుకుంటేనే ఆ మనిషి కనిపిస్తాడు. అసలు చిత్రం ఉన్న సంపుటి 2012లో వేలంలో 340 కోట్ల వాన్‌లకు అమ్ముడుపోయింది. వెయ్యి నోటు వెనుక అచ్చయిన బొమ్మ ఉన్న సంపుటి ధర అది.

పాత వెయ్యి నోటు వెనుక ఇదే విద్యాపీఠం బొమ్మ ఉండేది, అందులో ముంగిట ఒక పొడవాటి చెట్టు కనిపిస్తుంది. 1970లో పార్క్ చుంగ్-హీ పేరిట నాటిన చెట్టు, జపాన్ జాతిది. త్వేగే ఇంటి ముందు, అదీ నోటు మీద, జపాన్ చెట్టేమిటని ఏళ్ళ తరబడి వాదన నడిచి, 2018లో దాన్ని ఆవరణ బయటికి తరలించారు. ఇప్పుడు ఆ స్థలం ఖాళీగా ఉండటమే బాగుంది, నది సూటిగా కనిపిస్తుంది. నది అవతల రాతి దిబ్బ మీద ఒక చిన్న మండపం ఉంది. 1792లో జోంగ్జో రాజు త్వేగే గౌరవార్థం ఇక్కడ ప్రత్యేక పరీక్ష జరిపించిన చోటది. 1970లలో ఆండాంగ్ ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోకుండా నేలను పది మీటర్ల ఎత్తు లేపి మండపాన్ని పైన నిలబెట్టారు.

ఏడో రోజు: నోటు మీదికి రాని మనిషి

సియోల్‌కు తిరిగి వచ్చి చివరి రోజును కిమ్ గూకు కేటాయించాను. షాంఘైలో మొదలైన కొరియా తాత్కాలిక ప్రభుత్వానికి నాయకత్వం వహించిన ఆయన, 1949 జూన్ 26న తన నివాసంలో ఒక సైనికాధికారి తుపాకీకి బలయ్యాడు. ఆ నివాసం గ్యోంగ్‌గ్యోజాంగ్ ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. 2013 నుంచి ప్రజలను అనుమతిస్తున్నారు. మేడ మీది గదిలో కిటికీ అద్దం మీద తూటా రంధ్రాలను చూపిస్తారు. హ్యోచాంగ్ ఉద్యానంలో ఆయన సమాధి, పక్కనే 2002లో తెరిచిన స్మారక మ్యూజియం ఉన్నాయి. అదే ఉద్యానంలో అన్ జుంగ్-గున్ కోసం ఖాళీ సమాధి ఉంచారు, ఆయన అవశేషాలు ఇంతవరకు దొరకలేదు.

2007లో బ్యాంక్ ఆఫ్ కొరియా సాయిమ్‌దాంగ్‌తో పాటే కిమ్ గూను లక్ష వాన్ నోటుకు ఎంపిక చేసింది. వెనుక వైపున కిమ్ జోంగ్-హో 1861లో చెక్కించిన కొరియా మహాపటాన్ని వేయాలనుకున్నారు. ఆ చెక్క అచ్చు పటంలో, జపాన్‌తో వివాదంలో ఉన్న దోక్‌దో దీవి లేదు. దీవిని కొత్తగా చేర్చితే పటాన్ని మార్చినట్టు, చేర్చకపోతే దీవిని వదులుకున్నట్టు. 2009 మొదట్లో ప్రభుత్వం ఆ నోటును నిలిపివేసింది. పటం ఒక్కటే కారణమని నేను అనుకోను. సింగ్‌మన్ రీకి ప్రత్యర్థిగా నిలిచి, దేశ విభజనను ఒప్పుకోకుండా మరణించిన మనిషి ముఖం మీద ఏకాభిప్రాయం సేజోంగ్ ముఖం మీద ఉన్నంత తేలికగా రాదు. కిమ్ గూకు ఫోటోలు ఉన్నాయి, ఆయన ముఖాన్ని ఎవరూ ఊహించి గీయనక్కరలేదు. పదివేల నోటే అతి పెద్దదిగా ఉన్న రోజుల్లో కొరియన్లు పెద్ద చెల్లింపులకు లక్ష వాన్ బ్యాంకు చెక్కులు వాడేవారు, ప్రతి చెక్కు వెనుక పేరు, ఫోను నంబరు రాయవలసి వచ్చేది. యాభైవేల నోటు వచ్చాక ఆ చెక్కులు బాగా తగ్గిపోయాయి, కనుక లక్ష నోటుకు చెప్పే డబ్బు అవసరం చాలావరకు తీరిపోయింది. మిగిలింది ఎవరి ముఖం అన్న వాదనే.